చప్పిడి రొట్టెల సాయంత్రం

ఇలా దగ్గరికి జరగండి. ఇంకాస్త. ఆ మూల కూర్చున్నవాళ్ళు కూడా లేచి రండి, మోకాళ్ళు మోకాళ్ళకి తగిలినా ఫరవాలేదు. ఇది దూరం నుంచి చెప్పే సంగతి కాదు. ముప్పై ఏళ్ళు దాటిపోయింది. అయినా ఆ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరుంపావు దాకా ప్రతి నిమిషమూ నాకు వరసగా గుర్తుంది. నిన్న పొద్దున ఏం తిన్నానో అడగండి, చెప్పలేను!

అప్పుడు నేను బేకరీలో పనిచేసేదాన్ని. బేకరీ అంటే ఇప్పటిలా అద్దాల బీరువాలు, రంగు దీపాలు అనుకునేరు. ముందు ఒక చిన్న కొట్టు, వెనక ఒక పొడుగాటి గది. ఆ గదిలో గోడలోకి కట్టిన బట్టీ, మధ్యలో అరిగి అరిగి నున్నగా తేలిన చెక్క బల్ల, గోడవారన పిండి తొట్లు. పిండి కలపడం నా పని. బట్టీ పని ఆపాది. ఆపా అంటే అక్క. ముసల్మానుల ఇంటి ఆడపిల్ల, నాకంటే ఆరేళ్ళు పెద్దది, పొడగరి. బట్టీలోకి కర్ర తోసి రొట్టెలు లాగుతుంటే పడవ నడుపుతున్నట్టుండేది. నేను యేసయ్యని నమ్మిన ఇంట పుట్టి, అలాంటి ఇంటికే కోడలిగా వెళ్ళినదాన్ని. చిన్నగా ఉండి, తెల్లారినప్పటి నుంచి గలగలమంటూనే ఉంటానని ఆపా నన్ను గువ్వా అని పిలిచేది.

రోజూ మా దగ్గర రెండు రకాల పిండి కలిసేది. ఒకటి ఉప్పు వేసింది, కొట్టులో అమ్మడానికి. రెండోది ఉప్పు వెయ్యనిది. చప్పిడి రొట్టెలు. అవి ముప్పై నాలుగు, రోజూ నాలుగింటికల్లా బండిలో పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ ఒళ్ళు నీరు పట్టినవాళ్ళు, మూత్రపిండాలు చెడినవాళ్ళు ఉండే వార్డు ఒకటి ఉంది. వాళ్ళకి ఉప్పు విషంతో సమానం.

ఆ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద మా అత్తగారు ఉంది.

మా అత్తగారి గురించి ఒక్క మాట చెప్పాలి. నన్ను కన్నతల్లికంటే ఎక్కువ తిట్టింది, కన్నతల్లికంటే ఎక్కువ పెట్టింది. నా కాన్పులు రెండూ తన చేతుల మీదే జరిగాయి. అలాంటి మనిషికి కాళ్ళు దిండ్లలా ఉబ్బి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రిలో చేర్చాక కూడా ఉప్పు మీద మోజు చావలేదు. చూడడానికి వచ్చిన వాళ్ళెవరి దగ్గరో ఉప్పు బిస్కెట్లు పుచ్చుకుని, దుప్పటి కింద దాచుకుని తినేసింది. రెండు రోజులు ముక్కుకి గొట్టం పెట్టి గాలి ఎక్కించారు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఇంకోసారి ఇలా ఉప్పు పడితే నేను నిలబెట్టలేనమ్మా" అని తేల్చి చెప్పేశాడు.

అందుకే నేను ఉపవాసం పట్టాను. ఆ ఏడు ఈస్టరుకి ముందొచ్చే మా శ్రమదినాలు, ఆపావాళ్ళ రంజాను నెల కలిసి వచ్చాయి. మా నలభై రోజులూ పొద్దున లేచింది మొదలు పొద్దు గుంకే దాకా నోట్లో ముద్ద పెట్టనని, అత్తగారిని నాకు మిగల్చమని దేవుడికి మొక్కుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు, బేకరీలోనూ చెప్పలేదు. ఉపవాసం ఉన్నవాళ్ళు తల దువ్వుకుని, మొహం కడుక్కుని మామూలుగా తిరగాలని, మనుషుల మెప్పు కోసం వాడిపోయిన మొహం పెట్టుకోకూడదని మా అమ్మ నేర్పింది. నేను ఒకాకు ఎక్కువే చదివాను. మధ్యాహ్నం ఖాళీ డబ్బా ముందు పెట్టుకుని, ఆపా చూస్తున్నప్పుడల్లా దవడలు ఆడించేదాన్ని!

ఇప్పుడు అసలు తప్పులోకి వస్తున్నాను. జాగ్రత్తగా వినండి.

మా యజమాని ముసలాయన పెట్టిన నియమం ఒకటుంది. ఉప్పు తొట్టి మీద తెల్లగుడ్డ, చప్పిడి తొట్టి మీద నీలంగుడ్డ కప్పుతాం. కానీ గుడ్డని చూసి పిండి తియ్యకూడదు. ఉండలు చేసేముందు ఇద్దరూ చిటికెడు పిండి నాలుక మీద వేసుకుని, ఇది చప్పిడి, ఇది ఉప్పుది అని పైకి అనాలి. ఇద్దరూ అంటేనే పిండి బల్ల మీదికి రావాలి. రంజానులో కూడా ఆపా ఈ నియమం తప్పేది కాదు. నాలుక కొసకి తగిలించుకుని, వెంటనే ఉమ్మేసి, నోరు పుక్కిలించేది. వంట చేసే మనిషికి అవసరమైతే ఆ మాత్రం చూడొచ్చని వాళ్ళ పెద్దలు చెప్పారట.

ఆ రోజు పొద్దున వాన పడి చల్లగా ఉండి పిండి పొంగలేదు. తొట్లు రెండూ బట్టీ దగ్గరికి జరిపాను. గుడ్డలు ఆరిపోయాయని తీసి, తడిపి, నీళ్ళు పిండేసి మళ్ళీ కప్పాను. ఏ గుడ్డ ఏ తొట్టిదో చూసుకునే కప్పానని అనుకున్నాను. అనుకున్నాను, అంతే!

"గువ్వా, చూశావా?" అని ఆపా బట్టీ దగ్గర నుంచి అరిచింది.

చిటికెడు తీశాను. వేలు పెదవి దాకా తీసుకెళ్ళాను. ఇరవై మూడో రోజు ఉపవాసం. ఇన్నాళ్ళూ ఆపా ఎలాగూ చూస్తుందిలే అని చూసినట్టు నటించేదాన్ని. ఆ చిటికెడూ నోట్లో పెట్టడానికి మనసొప్పలేదు. అటు తిరిగి పిండి తొట్లోకే రాల్చేసి, "ఆఁ, చూశాను! నీలంది చప్పిడే!" అన్నాను.

"సరే, నువ్వు చూశావుగా, చాల్లే" అంది ఆపా.

అదేంటి, ఎప్పుడూ వచ్చి చూసే మనిషి ఇవాళ రాలేదేంటని నాకు తట్టొద్దూ? తట్టలేదు. నా దొంగతనం బయటపడలేదు, అదే చాలనుకున్నాను.

రొట్టెలు కాలాయి. ముప్పై నాలుగూ లెక్కపెట్టి బుట్టలో పెట్టాం. బండాయన వచ్చి నాలుగింటికి తీసుకెళ్ళిపోయాడు.

నాలుగున్నరకి ఎదురు వీధి టైలరు వచ్చాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. రోజూ వేడి రొట్టె ఒకటి కొని, కొట్టు ముందు నిలబడే సగం తినేస్తాడు. ఒక కొరుకు కొరికి, నమలడం ఆపేసి నా మొహంలోకి చూశాడు.

"ఏంటి చెల్లెమ్మా, నన్నెప్పుడు ఆసుపత్రిలో చేర్చారు? నాకు తెలియకుండానే!"

"ఏమైందన్నా?"

"చప్పిడి రొట్టె పెట్టావు. మా ఆవిడ మాట్లాడని రోజుల్లో చేసే కూరలా ఉంది."

ఆపా గబుక్కున వచ్చి ఆ రొట్టె లాక్కుని ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. అవును, వేసుకుని నమిలి మింగేసింది! నాకు అదీ తట్టలేదు. నేను టైలరు చేతి కింద రాలిన తునక తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. రవ్వంత కూడా లేదు.

కొట్టులో చప్పిడి ఉందంటే ఆసుపత్రికి ఏం వెళ్ళినట్టు?

కళ్ళముందు అత్తగారు, ఆవిడ చేతిలో ఉప్పు రొట్టె. ఆవిడ వద్దంటుందా? ఉప్పగా ఉందని సిస్టరుకి చెబుతుందా? దేవుడు నా ప్రార్థన విన్నాడని కళ్ళకద్దుకుని మొత్తం తినేసి, పక్క మంచం వాళ్ళది కూడా అడుగుతుంది!

"వార్డులో ఎన్నింటికి పెడతారే?" అని ఆపా నన్ను భుజాలు పట్టి ఊపింది.

"అయిదున్నరకి!"

"కొట్టులో ఎన్ని ఉన్నాయి?"

"ముప్పై ఆరు!"

"దించు బుట్ట. అన్నా, మీ స్కూటరు తియ్యండి!"

"నా కుట్టు మిషను మీద బట్ట అలాగే వదిలేసి వచ్చాను..." అని టైలరు అంటూనే ఉన్నాడు, ఆపా అప్పటికే స్కూటరు మీద కూర్చుంది. యజమాని ముసలాయన అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు, కొట్టు తలుపు మేమే మూశాం. ముందు టైలరు, మధ్యలో నేను, వెనక ఆపా, ఆపా నెత్తి మీద బుట్ట! ఒళ్ళంతా పిండి. వీధిలో వాళ్ళు ఆగి మరీ చూశారు. టైలరు ఎంత మెల్లగా నడిపాడంటే, అంచుకి కుట్టు వేస్తున్నాడేమో అనిపించింది.

"అన్నా, కాస్త తొందరగా!"

"మీరిద్దరూ ఎగిరెగిరి కూర్చోకండి, బండి కుదుపుకి సుద్దముక్క పడిపోతోంది!"

సుద్దముక్క! మా అత్తగారి ప్రాణం ఇలా ఉంటే ఆయనకి సుద్దముక్క!

రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి మా కళ్ళముందే గేటు పడింది. అరగంట నిలబడ్డాక వచ్చింది గూడ్సు బండి. ఒక పెట్టె, ఇంకో పెట్టె, దానికి అంతం లేదు. ఆ గోలలో పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకి వినబడదు. మా చుట్టూ సైకిళ్ళు, లారీలు, సంచులు పట్టుకుని నిలబడ్డ జనం. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆపా నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"నిజం చెప్పు గువ్వా! పిండి నాలుక మీద పెట్టావా, లేదా?"

"పెట్టలేదు!"

"ఏంటీ?"

"పెట్టలేదాపా! నేను ఉపవాసం!"

"నువ్వా? ఇవాళ మధ్యాహ్నం నా ఎదురుగానే తిన్నావు కదే!"

"ఊరికే దవడలు ఆడించాను!"

ఆపా నన్ను తినేసేలా చూసింది. "ఎందుకే? పిచ్చా నీకు?"

"ఉపవాసం మనుషులకి చూపించుకోకూడదంట! దేవుడొక్కడికి తెలిస్తే చాలంట! మా అమ్మ చెప్పింది!"

"మాకూ అదే చెప్పారు! నలుగురి మెప్పు కోసం చేస్తే దాని ఫలం పోతుందని! కానీ చూపించుకోకపోవడం వేరు, దాచడానికి అబద్ధం ఆడటం వేరు! అబద్ధం ఆడమని మీ దేవుడు చెప్పాడా?"

"చెప్పలేదు!"

"మా దేవుడూ చెప్పలేదు! నాలుక కొసకి పెట్టి ఉమ్మెయ్యొచ్చు కదే, నేను రోజూ చేసేదదేగా!"

అప్పుడు నాకు తట్టింది. ఇంతసేపటికి! "మరి ఇవాళ నువ్వెందుకు చూడలేదు? రోజూ చూసేదానివి ఇవాళ ఎందుకు రాలేదు? ఇందాక రొట్టె నమిలి మింగేశావేంటి?"

ఆపా మొహం తిప్పేసుకుంది. రైలు పోతూనే ఉంది. మెడ దగ్గర చున్నీ సర్దుకుంది. బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నేను వదల్లేదు. "చెప్పాపా! నేను చెప్పానుగా!" చివరికి ఆపా ఊపిరి బిగబట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"నాకివాళ ఉపవాసం లేదు! నెలసరి!"

సరిగ్గా ఆమె ఆ మాట మొదలుపెట్టేసరికి రైలు ఆఖరి పెట్టె దాటిపోయింది. గేటుకి ఇవతలవాళ్ళూ విన్నారు, అవతలవాళ్ళూ విన్నారు. సైకిళ్ళ బెల్లు కూడా మోగలేదు. టైలరు తలవంచుకుని తన స్కూటరు ముందు చక్రంలో ఏదో ముఖ్యమైనది వెతుకుతున్నట్టు నటించాడు.

ఈ ముక్క చెప్పొచ్చా అని మొన్న ఆపాని అడిగాను. "చెప్పుకో. కానీ నా అరుపు కాస్త తగ్గించి చెప్పు" అంది. తగ్గించలేదు.

వాళ్ళలో ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఉపవాసం లేదు. వద్దనే చెప్పారు. ఆ రోజులు తర్వాతెప్పుడో పట్టి తీర్చుకుంటారు. కానీ ఆ మాట మగవాళ్ళున్న చోట పైకి ఎలా చెబుతారు? అందుకని ఆపా కూడా పొద్దున్నుంచి పస్తులే ఉంది. పిండి నాలుకకి తగిలించుకుని ఉమ్మేస్తే లేని ఉపవాసం ఉన్నట్టు నాటకం అవుతుంది, మింగితే ముసలాయన చూస్తాడు. రెండూ ఇష్టంలేక అసలు రాకుండా ఊరుకుంది. చూశారా మా తెలివి! ఉపవాసం ఉన్నది లేనట్టు నటించింది, లేనిది ఉన్నట్టు నటించింది. మధ్యలో ముప్పై నాలుగు మంది రోగులు!

మా పక్కనే చేతికర్రతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్లటి గడ్డం, నెత్తిన టోపీ. ఆపా వైపు చూడకుండా గేటు వైపే చూస్తూ, "దేవుడే వద్దన్నదానికి సిగ్గుపడతావేంటి తల్లీ. గేటు తీశారు, ముందు వెళ్ళండి" అన్నాడు.

గేటు తీశారు కానీ దారి ఎక్కడిది? ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు తోసుకుని పట్టాల మధ్యే ఇరుక్కుపోయారు. టైలరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆపా దిగిపోయింది. "రావే!" అంది. బుట్టకి చెరో చెవి పట్టుకుని లారీల మధ్యనుంచి దూరి, అవతల పడి పరుగు మొదలుపెట్టాం.

ఆ పరుగు ఎలాంటిదంటారు! నా చెప్పు తెగితే రెండోది కూడా విసిరేశాను. సైకిళ్ళు బాగుచేసే కొట్టు, మందుల కొట్టు, బడి గోడ, అన్నీ వెనక్కి పోతున్నాయి. పొద్దు మా కుడిచేతి వైపు ఇళ్ళ మీదికి దిగిపోతోంది. పరిగెడుతూ కూడా నా నోరు ఊరుకుంటుందా?

"ఆపా, ఇది దేవుడు క్షమిస్తాడంటావా?"

"ముందు మీలో ఎలాగో చెప్పు!"

"తప్పు ఒప్పుకుని, మానేసి, ఆయన వైపు తిరిగితే క్షమిస్తాడు!"

"మాకూ అంతే! కానీ మనిషికి చేసిన తప్పయితే ముందు ఆ మనిషి దగ్గర సరిచేసుకోవాలి. అది వదిలేసి ఎంతసేపు దండం పెట్టినా లాభం లేదు!"

"మాకూ అంతేనే! కానుక పట్టుకుని ప్రార్థనకి వెళ్తున్నా సరే, మధ్యలో గుర్తొస్తే కానుక అక్కడే పెట్టేసి, వెనక్కి వెళ్ళి ఆ మనిషితో సమాధానపడి రమ్మన్నారు!"

"మరింకేం, మనం ఆ దారిలోనే ఉన్నాం! బుట్ట పైకెత్తు, నేలకి రాసుకుంటోంది!"

ఇంకో వీధి మలుపు తిరిగాం. ఆపా రొప్పుతూ అంది, "మా భుజాల మీద ఇద్దరు దూతలు కూర్చుని రాస్తుంటారే. కుడివైపాయన మంచి, ఎడమవైపాయన చెడు. ఇవాళ ఎడమవైపాయన చెయ్యి పడిపోయి ఉంటుంది!"

"భుజాల మీద సంగతి మావాళ్ళు చెప్పలేదు కానీ, ఆఖరి రోజున గ్రంథాలు తెరిచి చదువుతారట! చిన్నదీ పెద్దదీ అన్నీ అందులో ఉంటాయట!"

"అయితే నీ అబద్ధమూ ఉంటుంది, నా నాటకమూ ఉంటుంది. ఈ పరుగు కూడా రాస్తారు, పద!"

నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. పరుగులో నవ్వితే డొక్కలో పోటు వస్తుందని ఆ రోజే తెలిసింది నాకు.

మీరు అడగకముందే ఒకటి చెప్పేస్తాను. మా రెండిళ్ళ నమ్మకాలు అన్నీ ఒకటేనని నేననను. మరియమ్మంటే మాకెంత గౌరవమో, ఆమె పేరు చెబితే ఆపా గొంతు కూడా అంత మెత్తబడుతుంది. అబ్రహాము తాత వాళ్ళకీ తాతే, పేరు వాళ్ళు ఇబ్రహీం అంటారు. కానీ యేసయ్య దగ్గరికి వచ్చేసరికి, మాకు ఆయన దేవుడి కుమారుడు, వాళ్ళకి గొప్ప ప్రవక్త. ఆ మాట దగ్గర మేమిద్దరం ఎన్నోసార్లు వాదించుకున్నాం, ఎన్నోసార్లు ఆగిపోయాం. ఆగినచోట ఒకరినొకరు వదిలి వెళ్ళలేదు, అంతే. ఆ రోజు మాత్రం ఒకే బుట్ట, రెండు చెవులు.

ఆసుపత్రి గేటు దగ్గర గడియారం చూశాను. ఆరు దాటి అయిదు నిమిషాలు. నా ప్రాణం పైకే పోయింది. అయిదున్నరకి పెట్టేస్తారు. అరగంట దాటింది. తినడానికి అయిదు నిమిషాలు చాలు. వాచ్‌మన్ "పాసేదీ?" అన్నాడు. ఆపా ఆగకుండా, "రొట్టే పాసు!" అని బుట్ట చూపించి లోపలికి దూసుకుపోయింది. మెట్లు రెండేసి రెండేసి ఎక్కాం.

వార్డు తలుపు తోశాను.

లోపల ముప్పై నాలుగు మంది మంచాల మీద లేచి కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్ళోనూ పళ్ళెం, పళ్ళెంలో రొట్టె. ఒక్కరూ తినడం లేదు! ఏదో మంత్రం వేసినట్టు అందరూ కిటికీలోంచి పొద్దు వైపు చూస్తున్నారు. మా అత్తగారు అందరికంటే నిటారుగా కూర్చుంది.

"తినకండి!" అని నేను కేక పెట్టాను.

"తినడం లేదుగా! ఎందుకే ఆ అరుపు? ఇది ఆసుపత్రి" అంది అత్తగారు.

సంగతేంటంటే, ఆవిడ పక్క మంచం మీద ఒక ముసల్మాను పెద్దావిడ ఉంది. ఆమె కూతురు తల్లి దగ్గరే ఉండి చూసుకుంటూ రోజూ ఉపవాసం ఉంటోంది. మూడు రోజులు చూసి మా అత్తగారు వార్డు మొత్తానికి హుకుం జారీ చేసిందట. "ఆకలితో కూర్చున్న పిల్ల ఎదురుగా మనం చప్పరిస్తే దేవుడు చూడడా? పొద్దు గుంకాక ఆ పిల్లతో పాటే తిందాం. ఎవరికైనా తొందరుంటే నాతో చెప్పండి." ఆవిడతో చెప్పే ధైర్యం ఎవరికి? పెద్ద సిస్టరు కూడా సరేనని, మందులు ముందిచ్చి భోజనం అరగంట వెనక్కి జరిపిందట. నాకీ ముక్క తెలియదు. నేను పొద్దున్నే వచ్చి చూసిపోయేదాన్ని కదా!

ఆపా అప్పటికే మంచం మంచం తిరిగి రొట్టెలు లాగేస్తోంది. లాగినచోట చప్పిడిది పెడుతోంది. నేను అత్తగారి పళ్ళెంలో చెయ్యి పెట్టాను. ఆవిడ రొట్టెని రెండు చేతులతో గుండెకి హత్తుకుంది.

"నోటి దగ్గర కూడు లాక్కుంటావా? నువ్వసలు కోడలివేనా?"

"అత్తయ్యా, ఇవ్వు! అందులో ఉప్పుంది!"

"తెలుసు" అంది.

అని నాలుక కరుచుకుంది.

రొట్టె తిప్పి చూశాను. కింది వైపు, ఎవరికీ కనబడని చోట, కొరికిన గుర్తు. అందరినీ పొద్దు గుంకే దాకా ఆపిన మనిషి, తను మాత్రం వాసన చూసి ఆగలేక దుప్పటి చాటున ఒక్క కొరుకు కొరికింది!

"ఒక్కటే" అంది చిన్నపిల్లలా. "దేవుడి తోడు, ఒక్కటే. ఉప్పు తగిలేసరికి ప్రాణం లేచి వచ్చింది. చెబితే తీసేసుకుంటారని ఊరుకున్నాను. మిగతాది ఆ పిల్లతోనే తిందామనే ఉంచాను."

పెద్ద సిస్టరు డాక్టరుని పిలిపించింది. ఆయన అత్తగారి నాడి చూసి, కాళ్ళు నొక్కి చూసి, రొట్టెలో లోటు ఎంతుందో చూశాడు. "ఈ కాస్తకి ఏమీ కాదు. మొత్తం తిని ఉంటే..." అన్నాడు. నేను ఆ కొరికిన రొట్టెని బుట్ట అడుగుకి తోసేశాను.

పెద్ద సిస్టరు మమ్మల్ని నిలబెట్టింది. "ఎవరి తప్పు ఇది?"

"నాది" అన్నాను. "పిండి చూడకుండానే చూశానని అబద్ధం చెప్పాను."

"కాదు, నాది" అంది ఆపా. "నేనూ చూడాలి. చూడలేదు."

"పెద్దది నాదే సిస్టర్, ఈమెది చిన్నది."

"నోరుముయ్యవే, చూడకపోవడం చిన్నదా?"

"నేను ఇన్నేళ్ళలో తప్పు నీదంటే నీదని కొట్టుకునేవాళ్ళనే చూశాను" అంది పెద్ద సిస్టరు. నవ్వలేదు. "నాతో కాదు. అదిగో వాళ్ళతో చెప్పండి."

మంచం మంచం దగ్గరికీ వెళ్ళాం. ప్రతి మంచం దగ్గరా జరిగింది చెప్పి, చేతులు పట్టుకుని క్షమించమన్నాం. ఒకావిడ ఏడ్చింది. ఒకాయన కోపంగా గోడవైపు తిరిగాడు, తిరగాల్సిందే. చివరి మంచం తాత మాత్రం, "ఆ ఉప్పుది నాకు తినిపించి, తర్వాత క్షమాపణ అడగొచ్చుగా, హాయిగా ఇచ్చేవాణ్ణి!" అన్నాడు.

అప్పుడు పొద్దు గుంకింది. పక్క మంచం పిల్ల కళ్ళు మూసుకుని దువా చేసుకుని, చిన్న పొట్లం విప్పి ఆపాకి ఖర్జూరం పండు ఇవ్వబోయింది. "నాకివాళ ఉపవాసం లేదమ్మా" అంది ఆపా, మామూలు గొంతుతో, అందరిముందూ. ఆ పిల్ల నవ్వి, "అయితే ఆకలి కూడా లేదా?" అంది. ఆపా పండు తీసుకుంది. తర్వాత నన్ను ముందుకి తోసి, "దీనికివ్వు. ఇది ఉంది. ఇరవై మూడు రోజులుగా ఉంటోంది" అంది.

అత్తగారు తల తిప్పి నా వైపు చూసింది. "ఎందుకు?"

నేను మాట్లాడలేదు. నా జన్మలో మాట్లాడకుండా ఉన్నది అప్పుడే. ఆపానే చెప్పింది. "నీకోసమే అమ్మా. నువ్వు బతకాలని."

అత్తగారు నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. తర్వాత దిండు ఎత్తింది. దిండు కింద నుంచి ఒక కాగితం పొట్లం తీసింది. ఉప్పు బిస్కెట్లు! మళ్ళీ తెప్పించుకుంది! పొట్లం నా చేతిలో పెట్టి, నా మొహం తన గుండెకి అదుముకుంది. "నేను దొంగతిండి తింటుంటే నువ్వు నాకోసం పస్తులుంటున్నావా? ముందే చెప్పి చావొచ్చు కదే! సిగ్గుతోనైనా మానేసేదాన్ని!" అని నా వీపు మీద ఒక్కటి చరిచి, తనూ ఏడ్చింది.

ఆ రోజు నుంచి మా అత్తగారు ఉప్పు ముట్టలేదు. నెల తిరక్కుండా ఇంటికి వచ్చింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికి, నన్ను తిడుతూనే ఉంది. నా ప్రార్థన దేవుడు విన్నాడనే నమ్ముతాను. అయితే ఆయన దాన్ని నెరవేర్చింది నేను దాచిన ఉపవాసంతోనా, బయటపడిన ఉపవాసంతోనా? ఆపాని అడిగితే, "ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు, నువ్వు పిండి చూసుకో" అంది.

యజమాని ముసలాయనకి ఆ సాయంత్రమే వెళ్ళి అంతా చెప్పేశాం. వారం రోజులు మమ్మల్ని తొట్ల దగ్గరికి రానివ్వలేదు. టైలరుని కూర్చోబెట్టి పిండి రుచి చూపించాడు. ఆయన రోజూ రెండు తొట్లూ రుచి చూసి, తన సుద్దముక్కతో తొట్టి మీద గీత గీసి మరీ వెళ్ళేవాడు.

ఇదే నా సంగతి. ఇప్పుడు ఇది మీదయింది. మీ పిల్లలకి చెప్పండి, పక్కింటివాళ్ళకి చెప్పండి, దేవుణ్ణి మీరు పిలిచే పేరుతో పిలవని వాళ్ళని కూడా కూర్చోబెట్టుకుని చెప్పండి. పేర్లు మరిచిపోతే పోనివ్వండి, నేను చెప్పనే లేదు. కానీ చెప్పేటప్పుడు నన్ను మంచిదాన్ని చేద్దామని నా అబద్ధం మాత్రం తీసెయ్యకండి. అది తీసేస్తే మేము ఎందుకు పరిగెత్తామో వినేవాళ్ళకి తెలియదు.